రేడియేటర్‌లో చిక్కిన గాలి

1908లో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో ఆల్ఫ్రెడ్ యాంగస్ స్కాట్ అమ్మకానికి తెచ్చిన మోటార్‌సైకిల్‌లో నీళ్ళు తిప్పడానికి పంపే లేదు. ఇంజిన్ దగ్గర వేడెక్కిన నీరు తనంతట తానే పైకెక్కి రేడియేటర్‌లో చేరేది, చల్లారి కిందికి దిగేది. అంత సాదా ఏర్పాటుతోనే స్కాట్ బండ్లు 1912లో, 1913లో ఐల్ ఆఫ్ మ్యాన్ సీనియర్ టీటీ పందెం గెలిచాయి.

పై గొట్టం దాకా నీటి ధార తెగకుండా ఉన్నంతసేపే ఈ పద్ధతి పనిచేస్తుంది. మట్టం తగ్గి నడుమ గాలి దూరిందా, ప్రసరణ ఆగినట్టే. 1948లో వచ్చిన వెలోసెట్ ఎల్‌ఈ మోటార్‌సైకిల్ కూడా పంపు లేని ఈ దారినే నడిచింది. చప్పుడు తక్కువని బ్రిటన్ పోలీసులు దాన్ని గస్తీకి వాడుకున్నారు.

1971లో మార్కెట్‌లోకొచ్చిన సుజుకీ జీటీ750తో కథ మారింది. బ్రిటన్‌లో 'కెటిల్' అని, అమెరికాలో 'వాటర్ బఫెలో' అని ముద్దుపేర్లు పడ్డ ఈ బండిలో పంపు, నీరు వేడెక్కాకే దారి తెరిచే థర్మోస్టాట్ రెండూ ఉన్నాయి. చల్లదనం పెరిగింది, గాలి దాక్కునే మూలలూ పెరిగాయి. బావి మీది మోటారుకు గాలి పడితే ఎంత తిరిగినా నీళ్ళు ఎత్తదని మన రైతులకు తెలిసిందే. బండి పంపు గతీ అంతే. పైగా ఇంజిన్ చల్లగా ఉంటే థర్మోస్టాట్ మూసుకునే ఉంటుంది, దాని వెనక గాలి ఇరుక్కుంటుంది. అందుకే చాలా థర్మోస్టాట్‌లకు చిన్న బెజ్జం పెడతారు. గొప్ప ఆలోచన అది, కానీ ఆ ఒక్క బెజ్జమే అన్నిసార్లూ చాలదు.

మన దేశంలో 2008 నాటి యమహా ఆర్15, 2012 నాటి కేటీఎం డ్యూక్ 200 ఈ గాలి తీసే పనిని వీధి మెకానిక్ దాకా తెచ్చాయి. కూలెంట్ సన్నధారగా పోయాలి. గొట్టాలు పిసకాలి, బండిని అటూ ఇటూ వంచాలి. మూత తీసే ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేసి, థర్మోస్టాట్ తెరుచుకుని బుడగలు ఆగేదాకా మట్టం నింపుతూ ఉండాలి. కొన్ని బండ్లకు గాలి వదలడానికి ప్రత్యేకంగా స్క్రూ ఉంటుంది. ఇక్కడ తొందరపడితే నష్టం పెద్దది: సెన్సర్ గాలిలో ఉండిపోతే మీటర్ అసలు వేడి చూపదు, ఈలోగా సిలిండర్ హెడ్ వంగిపోవచ్చు.

బోరు నీళ్ళు మాత్రం పోయనివ్వకండి. సున్నం పేరుకుని సన్నని దారులు మూసుకుపోతాయి. మూసి ఉన్న రేడియేటర్ మూతను ఇంజిన్ వేడిగా ఉండగా తీయకండి. లోపల ఒత్తిడి మీదున్న నీరు ఎగజిమ్మి ఒళ్ళు కాలుతుంది.