లస్కరు కట్టిన డ్యాం

1878లో విలియం మల్‌హాలండ్ లాస్ ఏంజెలెస్ మంచినీటి కాలువ మీద లస్కరుగా చేరాడు. ఐర్లండ్‌లో పుట్టి, పదిహేనేళ్లకే ఇల్లు వదిలి ఓడల మీద కళాసీగా తిరిగి, చివరికి అమెరికా పడమటి ఒడ్డున తేలిన ఇరవై రెండేళ్ల కుర్రాడు. మన డెల్టా కాలువల మీద లస్కర్లు చేసే పనే అతనిదీ. గట్టు కాయాలి, నాచూ చెత్తా తీయాలి, గండి పడితే పూడ్చాలి. పెద్దగా చదువుకోలేదు. పగలు కాలువలో దిగి పని చేసి, రాత్రి గుడిసెలో పుస్తకాలు ముందేసుకుని లెక్కలూ, జలశాస్త్రమూ సొంతంగా నేర్చుకున్నాడు. ఎనిమిదేళ్లు తిరిగేసరికి ఆ నీటి కంపెనీకే సూపరింటెండెంట్ అయ్యాడు. 1902లో నగరం కంపెనీని కొన్నప్పుడు సరైన మ్యాపులు లేకపోతే, ఏ వీధి కింద ఏ సైజు గొట్టం ఉందో, వాల్వు ఎక్కడుందో మొత్తం జ్ఞాపకం మీదే చెప్పాడని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఊరు పెరిగింది. ఉన్న చిన్న నది చాలలేదు. ఉత్తరాన సియెర్రా నెవాడా కొండల పక్కన, ఓవెన్స్ లోయలో మంచు కరిగి పారే నీళ్లున్నాయి. మధ్యలో ఎడారి, గుట్టలు, 375 కిలోమీటర్ల దూరం. ఒక్క పంపు పెట్టకుండా, వాలు మీదే ఆ నీటిని 1913 నాటికి నగరానికి రప్పించాడు మల్‌హాలండ్. నవంబరు 5న వేలాది జనం చూస్తుండగా నీళ్లు దూకినప్పుడు ఆయన అన్నది ఒకటే మాట: "అదిగో, తీసుకోండి."

ఆ రోజు నుంచి లాస్ ఏంజెలెస్‌కు ఆయనే భగీరథుడు. యూనివర్సిటీ పిలిచి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. నీటి విషయంలో ఆయన మాటకు ఎదురు చెప్పేవాళ్లు ఊళ్లో లేకుండా పోయారు. కీడు అక్కడే మొదలైందని నా నమ్మకం.

అవతల ఓవెన్స్ సరస్సు ఎండిపోయింది. కడుపు మండిన రైతులు 1924లో కాలువను డైనమైట్‌తో పేల్చారు. వాళ్ల గోడు మరో పెద్ద కథ. న్యాయం వాళ్ల పక్షానే ఉందని నేను అనుకుంటాను. నగరానికి మాత్రం భయం పట్టుకుంది. కాలువ భూకంపాల పగులును దాటుకుని వస్తోంది, దానికి తోడు ఈ పేలుళ్లు. ఏ రోజు తెగినా ఊరు ఎండుతుంది. అందుకని నగరానికి దగ్గర్లో, శాన్ ఫ్రాన్సిస్కీటో లోయలో, ఏడాదికి సరిపడా నీళ్లు నిల్వ ఉంచేలా ఒక కాంక్రీటు డ్యాం తలపెట్టాడు మల్‌హాలండ్. పేరు సెయింట్ ఫ్రాన్సిస్ డ్యాం.

పని 1924లో మొదలై 1926లో ముగిసింది. నిల్వ చాలదని కట్టే క్రమంలోనే రెండుసార్లు పదేసి అడుగులు ఎత్తు పెంచారు. ఎత్తు పెరిగితే అడుగు వెడల్పూ పెరగాలి. పెంచలేదు. పునాది కిందకి దూరిన నీరు డ్యాంను పైకి ఎత్తేస్తుంది కాబట్టి ఆ నీటిని బయటికి లాగే బావులు ఉండాలి. మధ్యభాగంలో పెట్టారు, రెండు పక్కలా వదిలేశారు. బయటి ఇంజనీరెవరూ డిజైను చూడలేదు. సొంత ఇంజనీర్లున్న నగరాలు కట్టే డ్యాంలకు రాష్ట్ర ఇంజనీరు అనుమతి అక్కర్లేదని కాలిఫోర్నియా చట్టమే మినహాయింపు ఇచ్చింది.

అక్కడి రాతి సంగతి చెప్పాలి. తూర్పు గట్టున పొరలు పొరలుగా ఊడివచ్చే పలకరాయి. పడమటి గట్టున గులకలు కలిసి గట్టిపడిన ఎర్రరాయి. రెండూ కలిసే చోట పాతకాలపు పగులు. పొడిగా ఉన్నంతసేపు ఆ ఎర్రరాయి గట్టిదే. అంతా అయిపోయాక దాని ముక్కను గ్లాసు నీళ్లలో వేసి చూశారు. అంచులు రాలడం మొదలైంది. గంట తిరక్కుండానే రాయి పోయి, అడుగున ఇసక, పైన బురదనీళ్లు మిగిలాయి. డ్యాం పడమటి చెయ్యి ఆనించింది ఆ రాతి మీదే.

1928 మార్చి 7న జలాశయం నిండింది. మన లెక్కలో సుమారు 1.65 టీఎంసీలు. శ్రీశైలం, సాగర్ చూసిన కళ్లకు చిన్నదే. కానీ ఇరుకు లోయలో, నిద్రపోతున్న మనుషుల మీద అది చాలా ఎక్కువ.

మార్చి 12 ఉదయం డ్యాం కాపలాదారు టోనీ హార్నిష్‌ఫెగర్ పడమటి వైపు కొత్త లీకు చూశాడు. లీకులు అప్పటికే ఉన్నాయి. ఈ నీటి రంగు వేరు, మట్టిరంగు. కారే నీరు తేటగా ఉంటే గుండె మీద చెయ్యేసుకోవచ్చు. మురికిగా వస్తే పునాది కరిగి వస్తోందేమోనని భయపడాలి. ఆ సంగతి కాలువ మీద పని చేసిన ఎవరికైనా తెలుసు. టోనీకి తెలుసు, వెంటనే ఫోన్ చేశాడు. మల్‌హాలండ్ తన సహాయకుడు హార్వీ వాన్ నార్మన్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ దాదాపు రెండు గంటలు తిరిగి చూశారు. నీరు బయటపడే చోట తేటగానే ఉందని, కొత్తగా వేసిన బాట మట్టి మీద పారడం వల్ల రంగు మారిందని తేల్చారు. ప్రమాదం లేదని చెప్పి వెళ్లిపోయారు. ఆ క్షణాన ఆయన చూసింది నిజమే కావచ్చు. ఎందుకైనా మంచిది, గేట్లు తీసి మట్టం దించుదామండీ అని అనగలిగిన మనిషి మాత్రం ఆ పూట ఆయన పక్కన లేడు.

ఆ అర్ధరాత్రికి రెండు మూడు నిమిషాల ముందు డ్యాం కూలింది. రెండు పక్కలూ ముక్కలై కొట్టుకుపోయాయి. మధ్య భాగం మాత్రం సమాధిరాయిలా నిలబడింది. టోనీ ఇల్లు డ్యాం దిగువనే. మొదట పోయింది ఆయన, ఆరేళ్ల కొడుకు. టోనీ శవం కూడా దొరకలేదు. తర్వాత కరెంటు స్టేషను, అక్కడి సిబ్బంది కుటుంబాలు. ఆపైన ఓ విద్యుత్ కంపెనీ గుడారాల్లో పడుకున్న కూలీలు. తర్వాత శాంటా క్లారా నది వెంట నారింజ తోటలు, వాటిలో మెక్సికన్ కూలీల గూడేలు. శాంటా పౌలాలో టెలిఫోన్ ఆపరేటర్లు తమ కుర్చీలు వదలకుండా ఒక్కో ఇంటికీ ఫోన్ చేసి లేపారు. మోటారుసైకిల్ పోలీసులు వీధి వీధీ తిరిగి తలుపులు బాదారు. ఆ ఊళ్లో బతికినవాళ్లు చాలామంది వాళ్ల పుణ్యాన బతికినవాళ్లే. తెల్లవారుజామున ఐదున్నరకు, 54 మైళ్లు పారి, ఆ నీరు పసిఫిక్‌లో కలిసింది.

విచారణలో డెబ్బై రెండేళ్ల మల్‌హాలండ్ చేతికర్ర పట్టుకుని నిలబడ్డాడు. చనిపోయినవాళ్లను చూస్తే తనకు అసూయగా ఉందన్నాడు. తప్పు ఇంకెవరి మీదా వేయొద్దని, మనిషి తీర్పులో పొరపాటు జరిగి ఉంటే ఆ మనిషి తానేనని చెప్పాడు. కాంట్రాక్టరునూ, కింది ఉద్యోగినీ ముందుకు నెట్టి తప్పుకునే పెద్దల్ని చూస్తూ పెరిగినవాణ్ని, ఆ మాట దగ్గర నా తల వంగుతుంది. అయినా ఆ మాట ఒక్క ప్రాణాన్నీ తిరిగి తేలేదు. ఆయన మీద నేరం మోపలేదు గానీ, ఒక్కడు ఎంత గొప్పవాడైనా అంత పెద్ద డ్యాంను అతని ఒక్కడి నిర్ణయానికి వదలకూడదని జ్యూరీ రాసింది. మరుసటి ఏడాదే కాలిఫోర్నియా డ్యాంల తనిఖీ చట్టం చేసింది. ఆయన ఉద్యోగం వదిలి, జనంలోకి రావడం మానేసి, 1935లో కన్నుమూశాడు.

తూర్పు గట్టు అసలు వేల ఏళ్ల కిందట జారిపడిన కొండచరియ అని, నీరు తగిలి అది మళ్లీ కదిలిందని 1990లలో డేవిడ్ రోజర్స్ అనే ఇంజనీరు వివరించాడు. ఆ రోజుల్లో అది కనిపెట్టడం కష్టమే. అంతవరకు మల్‌హాలండ్‌ను తప్పు పట్టను. పెంచని వెడల్పు, పక్కల్లో పెట్టని బావులు, పిలవని రెండో ఇంజనీరు, వీటికి మాత్రం ఆ కొండచరియ సాకు కాదు.

పోయినవాళ్లు 400కు పైనే. ఇంత అని తేల్చి చెప్పలేకపోవడానికి కారణం, వాళ్లలో ఎందరో కోతల కోసం వచ్చి, తోటల పక్కన గుడారాలేసుకున్న వలస కూలీలు. ఏ జాబితాలోనూ వాళ్ల పేర్లు లేవు. కొందరు సముద్రంలో కలిసిపోయారు, మరికొందరి ఎముకలు దశాబ్దాల తర్వాత మట్టి తవ్వుతుంటే బయటపడ్డాయి. పరిశోధకులు పాత పత్రికలూ సమాధులూ వెతికి ఆ పేర్లు ఒక్కొక్కటీ చేరుస్తున్నారు.