శ్రీశైల ప్రాకారమున యోగులు



మన సంఘ వార్షిక మహాసభా సంచికకు యోగమును గూర్చి యొక చరిత్రవ్యాసము వ్రాసి యిండని కార్యదర్శిగారు మమ్ము గోరిరి. కోరుచు, నవనాథ సిద్ధులలో నొక్కరినైనను మన కులమువారని నిరూపింపగలిగినచో సభవారికి మిక్కిలి సంతోషము గలుగునని సూచించిరి. ఆ సంతోషమును మేము గలిగింపజాలకున్నాము. అట్టి ప్రమాణ మెందును మాకు గనబడలేదు. ప్రమాణము లేనిదానిని పెద్దల సభలో జెప్పుట యుపాధ్యాయవృత్తిలో దల నెరసినవానికి దగదు. అయితే వెదకుచుండగా నంతకంటె విలువైన విషయ మొకటి లభించినది. దానినే మనవి చేయుచున్నాము.

మనలో పెక్కండ్రు శివరాత్రికి శ్రీశైలము పోయి మల్లికార్జునస్వామిని సేవించి వచ్చువారే. ఆలయము చుట్టునున్న ప్రాకారపు గోడను నిలిచి చూచినవా రెందఱు? మేమును మూడుమారులు పోయి చూడక వచ్చినవారమే. నాలుగవమారు ప్రదక్షిణముగా నడచుచు నా గోడను బరికించితిమి. విజయనగర కాలమునాటి యా రాళ్లమీద ఏనుగులు, గుఱ్ఱములు, వేటలు, పురాణకథలతోబాటు జడలు గట్టిన సిద్ధులును, నానావిధాసనములలో నున్న యోగులును జెక్కబడియున్నారు. గుహలో దాచిన విద్య గాదది. యాత్రికుల కన్నులయెదుట గోడమీద నుంచిన విద్య.

ఆ కొండకును సిద్ధులకును గల సంబంధము మన వాఙ్మయమందును గలదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున బర్వతప్రకరణమను పేర నొక భాగమునే శ్రీశైలమునకు వినియోగించెను. క్రీ.శ. 15వ శతాబ్దమున గౌరన శ్రీశైలమందలి భిక్షావృత్తి మఠాధిపతి కోరికపై నవనాథచరిత్రమును ద్విపదలో రచించెను. సంస్కృతమున గాక, పదిమంది పాడుకొనుటకు వీలైన దేశిచ్ఛందస్సున నాథయోగుల కథలు వెలయుట సామాన్యవిషయము గాదు. అందలి సారంగధరుని కథ తరువాతి కాలమున రాజమహేంద్రవరపు రాజరాజనరేంద్రుని కుమారుని కథగా బ్రసిద్ధమై, నాటకములలో మన పెద్దలచే గన్నీరు పెట్టించినది. అంగములు ఖండింపబడిన యా బాలుడు మీననాథుని యనుగ్రహమున మరల సమగ్రదేహుడై చౌరంగియను సిద్ధు డయ్యెనట. కథను గథగానే గ్రహింతము. దెబ్బతిన్న దేహమునకును యోగమున నాశ్రయము గలదని మన పూర్వులు విశ్వసించిరనుట మాత్రము చరిత్రయే.

ఇక, ఈ విద్య కధికారు లెవ్వరు? పతంజలి యోగసూత్రములు 195. కొన్ని ప్రతులలో 196. వానిలో నాసనమును వర్ణించునవి మూడే. తక్కినవన్నియు జిత్తమును, నడవడిని, అభ్యాసవైరాగ్యములను గూర్చినవి. దేహసాధనమును విస్తరించినవి తరువాతి హఠగ్రంథములు. 13వ శతాబ్దపుదని పండితులు తలచు దత్తాత్రేయయోగశాస్త్రము బ్రాహ్మణుని, బౌద్ధుని, జైనుని, కాపాలికుని నొక్క వరుసలో జెప్పి, శ్రద్ధతో నభ్యసించినవానికే సిద్ధి యని తేల్చినది. 15వ శతాబ్దమున హఠయోగప్రదీపికను రచించిన స్వాత్మారాముడు యువకుడు, వృద్ధుడు, మిక్కిలి ముదుసలి, రోగి, దుర్బలుడు - ఎవ్వరైనను సాధనచే సిద్ధి బొందుదురనెను. వేషముచేగాని మాటలచేగాని యది రాదనియు జెప్పెను. సోదరులారా! ఇంతకంటె గౌరవప్రదమైన వంశపత్రిక మనకేల? ఈ యింటి తలుపు మన తాతలకును మూయబడలేదు, మనమే తట్టలేదు.

మేమును తట్టనివారమే. యోగసూత్రములు మాకు బదునెనిమిదవ యేటనే కంఠస్థములు. ముప్పది సంవత్సరములు పిల్లలకు సంస్కృతము జెప్పితిమి. ఒక్కదినమైనను నిశ్చలముగా గూర్చుండి శ్వాసను గమనించి యెఱుగము. ఉద్యోగ విరమణానంతరము నిద్ర చెడి, నడుము పట్టి, గ్రంథము జదివిన మాకు గురువేల యను గర్వముతో నొంటిగా గుంభకమునకు బూనుకొంటిమి. మూడవనాడు తల తిరిగి వసారాలో బడితిమి. మా కోడలు లేవనెత్తి, "మామగారూ, అందులో తొందర వద్దని వ్రాసియుండలేదా?" యని యడిగినది. వ్రాసియున్నది! ప్రాణాయామమును గ్రమముగా వశపఱచుకొనవలెననియు, లేనిచో సాధకునకే హాని యనియు స్వాత్మారాముడే హెచ్చరించెను. ఎన్నోమారులు చదివిన మాటయే. ఆనాడుగాని యర్థము గాలేదు. పిమ్మట నొక గురువు నాశ్రయించి, సులభాసనములతో, మెల్లని శ్వాసతో నారంభించితిమి. నేడు నడుమునొప్పి తగ్గినది. కోపము సయితము కొంత తగ్గినదని యింటివారు చెప్పుచున్నారు.

శాస్త్రమును బరీక్షించి బోధించిన మహనీయులు నవీన కాలమునను గలరు. స్వామి కువలయానందుడు 1924లో లోణావళాయందు గైవల్యధామమును స్థాపించి యోగక్రియలను యంత్రసాధనములతో బరిశోధించెను. తిరుమల కృష్ణమాచార్యులు (1888–1989) మైసూరు మహారాజు పోషణమున 1933 నుండి యోగశాలను నడపి, యెవరి దేహమునకు దగినది వారికి జెప్పవలెనను పద్ధతిని నెలకొల్పిరి. ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరు 11న జేసిన తీర్మానముచే 2015 మొదలు ఏటేట జూన్ 21 అంతర్జాతీయ యోగదినముగా జరుగుచున్నది. అయినను యోగము సర్వరోగనివారణి యని చెప్పువారిని నమ్మవలదు. అది వైద్యునికి దోడుగాని వైద్యునికి బదులు గాదు. రక్తపుపోటు, కంటి నీటికాసులు గలవారు శీర్షాసనాదులకు బూనరాదు.

కాన సభవారికి మా మనవి యిది. సిద్ధులను మన కులమున జేర్చుకొనుటకు వ్యయించు శ్రమను మన బిడ్డలను సాధనలో జేర్చుటకు వినియోగింతము. మన విద్యార్థి వసతిగృహమున నొక గది, కొన్ని చాపలు, తెలిసిన యొక గురువు, ప్రాతఃకాలమున నరగంట - ఇంతే కావలసినది. బాలికలకును, ఇల్లాండ్రకును వారికి వీలగు వేళ నేర్పఱుపవలెను. పోషకులు శిలాఫలకములకు బదులుగా నీ గదికి విరాళ మొసగినచో, శ్రీశైల ప్రాకారమున శిల్పులు రాతిలో జేసినదానిని మనము ప్రాణముగల దేహములలో జేసినవార మగుదుము.

శమ్.