బొంబాయిలో డిస్కో... షికాగోలో యాసిడ్!

2010లో నెదర్లాండ్స్‌కు చెందిన రికార్డుల సేకర్త ఎడో బౌమన్ ఓ పాత భారతీయ ఎల్పీని మళ్లీ విడుదల చేశారు. దాని పేరు ‘టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్’. 1982లో రికార్డయిన ఆ హెచ్‌ఎంవీ డిస్క్ అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. వాయించింది చరణ్‌జిత్ సింగ్. బొంబాయి సినీ ఆర్కెస్ట్రాల్లో బేస్ గిటార్ మొదలుకొని కొత్తగా వచ్చిన కీబోర్డుల దాకా చేతపట్టిన వాద్యకారుడాయన. డిస్క్ మళ్లీ బయటికి రాగానే యూరప్ శ్రోతలు నివ్వెరపోయారు. అందులోని బేస్ లైన్లు అచ్చం యాసిడ్ హౌస్ అనే క్లబ్బు సంగీతంలా ఉన్నాయి. ఆ సంగీతం షికాగోలో పుట్టిందనీ, దాని తొలి రికార్డు 1987లో వచ్చిందనీ చెబుతారు. ‘ఇది ఈమధ్య ఎవరో చేసిన నకిలీ’ అని కొందరు అనుమానించారు. మరికొందరు చరణ్‌జిత్ సింగ్‌ను యాసిడ్ హౌస్ పితామహుణ్ని చేసేశారు.

ఆ బిరుదు ఆయన గొప్పదనాన్ని పెంచదు, తగ్గిస్తుంది. ఒక బేస్ లైన్‌ను ఏ కోవలో చేర్చాలో స్వరాలు ఒక్కటే చెప్పలేవు. అది ఎవరి ముందు మోగింది, పాటలో ఏ పని చేసింది అన్నదీ చూడాలి.

గిటారిస్టుకు తోడుగా

బొంబాయిలోనూ షికాగోలోనూ మోగింది ఒకే యంత్రం, రోలాండ్ టీబీ-303. జపాన్ ఇంజినీరు టడావో కికుమొటో దీన్ని రూపొందించారు. 1981లో మార్కెట్లోకి వచ్చింది. పక్కన బేస్ వాయించేవారు లేని గిటారిస్టు ఇంట్లో ఒంటరిగా సాధన చేసుకోవడానికి పనికొస్తుందన్నది కంపెనీ ఆలోచన. డ్రమ్స్ కోసం టీఆర్-606 అనే జోడీ యంత్రం కూడా ఉంది.

టీబీ-303 ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. పదహారు స్థానాల స్వర వరస ఒకటి అందులో నమోదు చేస్తే అదే మళ్లీ మళ్లీ వాయిస్తుంది. ఏ స్వరాన్ని నొక్కి పలకాలో, ఏ స్వరం నుంచి ఏ స్వరానికి జారాలో కూడా చెప్పొచ్చు. కానీ అది బేస్ గిటార్‌లా వినిపించలేదు. నమోదు చేయడమూ పెద్ద తలనొప్పి. సుమారు 10,000 యంత్రాలు తయారయ్యాక, 1984లో ఉత్పత్తి ఆగిపోయింది. చాలావరకు సెకండ్ హ్యాండ్ దుకాణాలకు చేరి చవగ్గా దొరికాయి.

డిస్కో అంటే చాలు

అప్పుడు మన దేశంలో డిస్కో మహా జోరు మీదుంది. 1980లో ‘ఖుర్బానీ’ సినిమా కోసం బిడ్డు బాణీకి నాజియా హసన్ పాడిన పాట ఊపేసింది. మరుసటి ఏడాది ‘డిస్కో దీవానే’ ఆల్బమ్, 1982 చివర్లో బప్పీ లాహిరి సంగీతంతో ‘డిస్కో డాన్సర్’ సినిమా వచ్చాయి. సినిమాల నిండా డిస్కోయే ఉంది కాబట్టి అదే లయ మీద, తబలా లేకుండా రాగాలు వాయిస్తే ఎలా ఉంటుందని తనకు అనిపించిందని చరణ్‌జిత్ సింగ్ తర్వాత ఇంటర్వ్యూలో చెప్పారు.

టీబీ-303కి టీఆర్-808 డ్రమ్ యంత్రాన్నీ, జూపిటర్-8 సింథసైజర్‌నూ జతచేశారు. భైరవ్, లలిత్, తోడి, మేఘ్ మల్హార్... ఇలా పది రాగాలు. మన మోహనకు దగ్గరైన భూపాలీ, హిందోళానికి దగ్గరైన మాల్కౌంస్ కూడా వాటిలో ఉన్నాయి. రాగానికి పాశ్చాత్య సంగీతంలోలా మారుతూ పోయే కార్డ్స్ అక్కర్లేదు. అందుకే ఒంటి స్వరపు యంత్రం దానికి చక్కగా అమరింది. అది స్వరం నుంచి స్వరానికి జారుతుంటే హిందుస్తానీ మీండ్ గుర్తొస్తుంది. కార్డ్స్ మారని పాట, ఆగని డ్రమ్ దెబ్బ, దాని మీద టీబీ-303. ఈ మూడూ షికాగోలోనూ కలిశాయి. పోలిక అలా వచ్చింది.

డిస్కో అంటే మంట

షికాగోలో డిస్కో కథ పూర్తిగా వేరు. 1979 జూలై 12న కొమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో రేడియో జాకీ స్టీవ్ డాల్ ఆధ్వర్యంలో డిస్కో రికార్డులను పేల్చేశారు. జనం మైదానంలోకి దూసుకొచ్చారు, ఆ రోజు ఆడాల్సిన రెండో మ్యాచ్ జరగనే లేదు. ఆ తర్వాత అమెరికా రికార్డు కంపెనీలు డిస్కో మాట ఎత్తడానికే జంకాయి. అదే నగరంలో నల్లజాతి, లాటినో గే యువత వేర్‌హౌస్ క్లబ్బులో ఫ్రాంకీ నకల్స్ వేసే పాటలకు నాట్యం ఆపలేదు. హౌస్ అనే పేరు ఆ క్లబ్బు నుంచే వచ్చిందంటారు.

ఆ వాతావరణంలో డీజే పియర్, స్పాంకీ, హెర్బ్ జె అనే కుర్రాళ్లు ‘ఫ్యూచర్’ పేరుతో జట్టుకట్టారు. పాత టీబీ-303 వాళ్ల చేతికొచ్చింది. వరస మోగుతుండగానే దాని మీటలు తిప్పుతూ పోతే శబ్దం ముడుచుకుని, సాగి, కీచుమంది. దాన్ని రికార్డు చేసిన టేపును మ్యూజిక్ బాక్స్ క్లబ్బులో డీజే రాన్ హార్డీ వేశారు. మొదట జనం నాట్యం ఆపేశారు. ఆయన అదే రాత్రి మళ్లీ మళ్లీ వేయగా చివరికి ఊగిపోయారు. ‘రాన్ హార్డీ యాసిడ్ ట్రాక్’ అని పిలిచింది ఆ నర్తకులే. మార్షల్ జెఫర్సన్ నిర్మాణంలో 1987లో ట్రాక్స్ సంస్థ దాన్ని ‘యాసిడ్ ట్రాక్స్’గా విడుదల చేసింది.

ఎవరి కీర్తి వారికే

రెండింటినీ వరసగా వింటే తేడా తెలుస్తుంది. చరణ్‌జిత్ సింగ్ డిస్క్‌లో పైన రాగం సాగుతుంటే బేస్ దానికి ఆధారంగా నడుస్తుంది. షికాగో పాటలో పైన మరో రాగమంటూ లేదు. పదకొండు నిమిషాలకు పైగా బేస్ లైనే పాట. అట్టడుగున ఉండాల్సిన స్వరాన్ని ముందుకు తెచ్చి నిలబెట్టడమే యాసిడ్ హౌస్ చేసిన తిరుగుబాటు. దాన్ని బొంబాయికి కట్టబెడితే, డిస్కోను తగలబెట్టిన నగరంలో నాట్యం ఆపని వాళ్ల చరిత్రను తుడిచేసినట్టే.

చరణ్‌జిత్ సింగ్ 2015లో కన్నుమూశారు. చివరి ఏళ్లలో యూరప్ వేదికల మీద ఆ రాగాలు వాయించే అవకాశం ఆయనకు దక్కింది. ఆయనను షికాగోకు తొలి మెట్టుగా కాక, బొంబాయి స్టూడియోల్లో కొత్త వాద్యాలను మన పాటకు మచ్చిక చేసిన వాద్యకారుల వరసలో నిలపాలి. ఆ వరసలో చాలామంది పేర్లు రికార్డు అట్టల మీద కూడా అచ్చుకాలేదు. తన అట్ట మీద ఆయన డిస్కో అని రాసుకున్నారు, రాగమనీ రాసుకున్నారు. ఆ రెండు మాటలే ఆయన సంగీతానికి సరైన చిరునామా.