రక్తము తిరిగి వచ్చునని ఎట్లు తెలిసినది?

రక్తప్రసరణమును బోధించునపుడు మొట్టమొదట నల్లబల్లమీదికి వచ్చునది ఒక పటము. ఒక ప్రక్క ఎఱ్ఱని గీతలు, ఒక ప్రక్క నీలపు గీతలు, నడుమ నాలుగు గదుల గుండె. విద్యార్థి దానిని చక్కగా వల్లించును. కుడి కర్ణిక, కుడి జఠరిక, ఊపిరితిత్తులు, ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక అని వరుస తప్పక చెప్పును. పరీక్షలో మార్కులును వచ్చును. కాని “రక్తము ఇట్లు తిరుగుచున్నదని నీ కెట్లు తెలియును?” అని అడిగినచో, పుస్తకములో నున్నదనుట తప్ప మఱియొక జవాబు దొరకదు. సిరలలోని రక్తము నిజముగా నీలముగా నుండునని నమ్మి బడి విడిచి పోవువారును కలరు. అదియు ఎఱ్ఱనిదే. ఆమ్లజని తగ్గినందున కొంచెము ముదురు రంగుగా నుండును, అంతియే.

ఆ ప్రశ్నకు సరియైన జవాబు 1628 వ సంవత్సరమువఱకు లోకములో లేదు. అది ఎట్లు వచ్చినదో తెలిసికొన్నచో, పటమును వల్లింపవలసిన పని సగము తగ్గును.

క్రీ. శ. 129 లో ఆసియామైనరులోని పెర్గమములో జన్మించి, రోము చక్రవర్తులకు వైద్యుడైన గాలెన్ చెప్పిన మాట ఐరోపాలో సుమారు పదునాలుగు శతాబ్దములు శాసనమువలె చెల్లినది. ఆయనను తేలికగా చూడరాదు. ధమనులలో నుండునది గాలి యని అంతకు పూర్వము పేరుపొందిన వైద్యులు చెప్పుచుండగా, బ్రతికియున్న జంతువుయొక్క ధమనిని రెండుచోట్ల ముడివేసి, నడుమ కోసి, లోపల నున్నది రక్తమే యని చూపినవాడు ఆయనయే. అయితే ఆయన కోసి చూచినవి కోతులు, పందులు మొదలగు జంతువుల శరీరములు. మనుష్య శరీరమును కోయుట ఆనాటి రోములో ఆచారము కాదు.

గాలెన్ మతము ప్రకారము, తిన్న ఆహారము కాలేయములో రక్తముగా మారును. అచ్చటినుండి సిరలద్వారా అవయవములకు పాఱి, పొలమునకు పెట్టిన నీరువలె అక్కడనే ఇంకిపోవును, మరల రాదు. అందు కొంత భాగము గుండె కుడి గదిని చేరి, నడిమి గోడలో కంటికి కనబడని రంధ్రములగుండ ఎడమ గదిలోనికి చెమర్చును. అచట ఊపిరితిత్తులనుండి వచ్చిన గాలితో కలసి, ధమనులద్వారా ప్రాణశక్తిని శరీరమంతట పంచును. ఈ మతములో అన్నిటికిని జవాబు కలదు. రోజూ తినవలసిన అవసరమేమి? ఖర్చయిన రక్తమును పూరించుటకు. శరీరము వెచ్చగా నుండుటకు కారణమేమి? గుండె. రెండు రంగుల రక్తము ఏల? రెండు పనులకొఱకు. ఇట్లు ఏ ప్రశ్నకును తడుముకొనకుండుటయే దాని బలము. “ఎంత రక్తము?” అని మాత్రము ఎవరును అడుగలేదు.

నడిమి గోడలోని రంధ్రములను మొదట త్రోసిపుచ్చినవాడు ఐరోపావాడు కాడు. డమాస్కసులో విద్య నేర్చి కైరోలో వైద్యము చేసిన ఇబ్న్ అల్ నఫీస్, 1242 లో అవిసెన్నా గ్రంథమునకు వ్రాసిన వ్యాఖ్యలో, ఆ గోడ దళసరిదనియు, అందు రంధ్రములు లేవనియు, కనుక రక్తము ఊపిరితిత్తులగుండ పోయియే ఎడమ గదికి రావలెననియు స్పష్టముగా చెప్పెను. ఆ వ్రాతప్రతి బెర్లిన్ గ్రంథాలయములో పడియుండి, 1924 లో జర్మనీలో చదువుకొనుచున్న ఒక ఈజిప్టు వైద్యుని కంటబడువఱకు చరిత్రకారులకు ఈ సంగతియే తెలియదు. ఐరోపాలో ఇదే మాటను 1553 లో సెర్వీటస్ ఒక మతగ్రంథములో వ్రాసెను. ఆ గ్రంథములోని మతవిషయములకై ఆ సంవత్సరముననే అక్టోబరు 27 వ తేదీన జెనీవాలో ఆయనను సజీవముగా దహించిరి. ఆ పుస్తకపు ప్రతులు మూడు మాత్రమే నేటికి మిగిలినవి. 1559 లో కొలంబో అను ఇటలీ శాస్త్రజ్ఞుడు దానినే శరీరశాస్త్ర గ్రంథములో ప్రకటించెను.

ఇచ్చట ఒక మాట చెప్పవలసియున్నది. మన చరకసంహితలో హృదయమునుండి బయలుదేరు పది మూలనాళముల ప్రసక్తి కలదు. సుశ్రుతసంహితలో సిరలను కోసి రక్తము తీయు విధానమునకు ఒక అధ్యాయమే కలదు. దీనినిబట్టి రక్తప్రసరణము మనవారికి పూర్వమే తెలియునని కొందఱు వ్రాయుదురు. గుండెనుండి నాళములు వచ్చునని ఎఱుగుట వేఱు. వెళ్లిన రక్తమే మరల వచ్చుచున్నదని రుజువు చేయుట వేఱు. మొదటిది అనేక దేశములవారికి తెలిసినదే. రెండవది చేసినవాడు ఒక్కడు.

ఆయన విలియమ్ హార్వే. 1578 లో ఇంగ్లండులోని ఫోక్‌స్టోనులో జన్మించి, కేంబ్రిడ్జిలో చదివి, వైద్యవిద్యకై ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయమునకు వెళ్లెను. అక్కడి ఆచార్యుడు ఫాబ్రిషియస్. సిరల లోపల చిన్న చిన్న తలుపులవంటి కవాటములున్నవని ఈ ఫాబ్రిషియస్ తన శిష్యులకు చూపి, 1603 లో వానినిగూర్చి పుస్తకము ప్రకటించెను. ఆయన వానిని చూచెనే గాని వాని పనిని కనిపెట్టలేకపోయెను. రక్తమంతయు జాఱి కాళ్లలో నిలిచిపోకుండ అవి అడ్డుపడుచున్నవని తలచెను. 1602 లో పట్టము పొంది లండనుకు మరలిన హార్వేకు మాత్రము ఆ తలుపులు మనస్సునుండి పోలేదు. అవి అన్నియు గుండెవైపునకే ఏల తెఱచుకొనుచున్నవి? తన ఆలోచనకు మొదలు ఆ కవాటములే యని ఆయన ముసలితనమున రాబర్ట్ బాయిల్ అను శాస్త్రజ్ఞునితో చెప్పెనట.

మొదట ఆయన గుండె కదలికను చూడదలచెను. కుక్క మొదలగు వేడిరక్తపు జంతువుల గుండె అతివేగముగా కొట్టుకొనును; ఏది సంకోచమో ఏది వ్యాకోచమో కంటికి చిక్కదు. ఇది దేవునికే తెలియునని కొంతకాలము నిరాశపడితినని ఆయనయే వ్రాసికొనెను. అందువలన కప్పలను, పాములను, చేపలను పట్టెను. వాని గుండె నిదానము. పాముయొక్క గుండెకు రక్తము తెచ్చు మహాసిరను వ్రేళ్లతో నొక్కి పట్టినపుడు గుండె వెలవెలబోయి చిన్నదాయెను. గుండెనుండి పోవు మహాధమనిని నొక్కినపుడు అది ఉబ్బి నల్లబారెను. రక్తము ఒక దారిని వచ్చి మఱియొక దారిని పోవుచున్నదనుటకు ఇంతకంటె ఏమి కావలెను? తన ఉపన్యాసములకై వ్రాసికొన్న పత్రములలో ఆయన గుండెను నీరు తోడు యంత్రముతో పోల్చెను. మన కమ్మరి కొలిమితిత్తిలోని తోలుమూత గాలిని లోనికి రానిచ్చి వెనుకకు పోనీయదు గదా, గుండెలోని కవాటములును అట్టివే.

ఆ పిమ్మట వచ్చినది లెక్క. చనిపోయిన మనుష్యుని గుండె ఎడమ గదిలో రెండు ఔన్సులకు మించి రక్తముండుట ఆయన చూచియుండెను. ఒక్కొక్క దెబ్బకు అందు నాలుగవ వంతు, అనగా అర ఔన్సు మాత్రమే బయటికి పోవుననుకొందము. అరగంటలో గుండె వేయిసార్లు కొట్టుకొనుననుకొందము. నిజమునకు రెండువేలు దాటును. ప్రతిపక్షి నోరెత్తకుండుటకై ఆయన అంకెలను కావలెననియే తగ్గించెను. ఐనను అరగంటకు 500 ఔన్సులు, అనగా నేటి తూనికలో సుమారు 15 కిలోగ్రాముల రక్తము గుండెనుండి వెడలవలెను. మనుష్యుని శరీరములో మొత్తము రక్తమే అందు మూడవ వంతు. గొఱ్ఱె శరీరములో నాలుగు పౌనులకు మించి రక్తము లేదని హార్వే స్వయముగా పరీక్షించి వ్రాసెను. అరగంటలో అంత రక్తమును ఏ కాలేయము తయారుచేయగలదు? ఎవడు అంత తినగలడు? తయారైనను ఏ అవయవము దానిని పీల్చుకొని పగులకుండ నుండగలదు? వెళ్లినదే తిరిగి వచ్చుచుండవలెను. వేఱు మార్గము లేదు.

ఈ లెక్కను తరగతిలో చేసి చూపవచ్చును. ఒక పళ్లెములో ఐదు లీటర్ల నీరు పోయవలెను. ప్రక్కన ఖాళీ పళ్లెము నొకదానిని ఉంచవలెను. డెబ్బది మిల్లీలీటర్లు పట్టు చిన్న గిన్నెతో ఒక విద్యార్థి మొదటి పళ్లెమునుండి రెండవదానిలోనికి, తన నాడి కొట్టుకొను వేగముతో నీరు ముంచి పోయవలెను. పెద్దవారి గుండె విశ్రాంతిలో ఒక్కొక్క దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్లు త్రోయును. నిమిషమునకు 72 దెబ్బలైనచో ఐదు లీటర్లు దాటును. మన పిల్లవాడు ఆ వేగమును అందుకొనలేడు, చేయి నొచ్చును, తరగతి నవ్వును. అందుకొన్నచో నిమిషములో పళ్లెము ఖాళీ యగును. అప్పుడు “ఇక గుండె ఏమి చేయవలెను?” అని అడుగుడు. రెండవ పళ్లెమునుండి నీరు తెచ్చి మొదటిదానిలో పోయవలెనని ఎవరో ఒకరు తప్పక చెప్పుదురు. హార్వే చెప్పినదియు అదియే. దినమునకు ఏడువేల లీటర్లకు పైగా త్రోయు గుండెకు ఉన్న సరకు ఐదు లీటర్లే.

లెక్కతో ఆయన తృప్తిపడలేదు. చేతికి పట్టీ కట్టి చూపెను. మోచేతికి పైన మిక్కిలి బిగించి కట్టినచో, మణికట్టువద్ద నాడి ఆగును, చేయి పాలిపోయి చల్లబడును, పట్టీకి పైభాగమున ధమని కొట్టుకొనుచుండును. కొంచెము సడలించినచో చేయి ఎఱ్ఱబడి, పట్టీకి దిగువ సిరలు త్రాళ్లవలె ఉబ్బును. లోతుననున్న ధమని తెఱచుకొన్నది. పైపైనున్న సిర ఇంకను మూసికొనియే యున్నది. ఉబ్బిన సిరలలోని రక్తము ఎచ్చటనుండి వచ్చినది? పైనుండి రాలేదు, పట్టీ అడ్డమున్నది. ధమనిద్వారా చేతిలోనికి దిగి, సిరలలోనికి మారినదన్నమాట. తరగతిలో బిగించి కట్టు పని పెట్టుకొనరాదు. గుడ్డ పట్టీని వదులుగా ఒక నిమిషము కట్టినచో సిరలు కనబడుటకు చాలును. పొలము పని చేసిన పెద్దవారి చేతిపై మఱింత బాగుగా కనబడును. సిరపై ఒక వ్రేలుంచి నొక్కి, మఱియొక వ్రేలితో రక్తమును పైకి, ముడివలె కనబడు కవాటమును దాటించి తోముడు. పై వ్రేలు తీసినను రక్తము క్రిందికి దిగదు. సిర ఖాళీగానే యుండును. క్రింది వ్రేలు తీసిన తోడనే నిండును. ఫాబ్రిషియస్ చూచిన తలుపులు ఏవైపునకు తెఱచుకొనునో పిల్లవాడు తన కంటితో చూచినట్లగును.

పాము కాటు ఒకచోట పడగా విషము శరీరమంతట వ్యాపించుటకు కారణము ఈ ప్రసరణమే యని హార్వే తన గ్రంథములో వ్రాసెను. మన పల్లెలలో కాటు పడగనే త్రాడుతో బిగించి కట్టుట వాడుక. పైన చెప్పిన బిగింపు పట్టీయొక్క ఫలితము తలచికొన్నచో అది ఎంత అపాయమో తెలియును. ధమని మూసికొనిపోయి అవయవమే చచ్చిపోవచ్చును. అందుచేత నేటి వైద్యులు కట్టువద్దనియు, కాటు పడిన అవయవమును కదలనీయక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెననియు చెప్పుచున్నారు.

హార్వే పుస్తకము 1628 లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టులో లాటిను భాషలో అచ్చుపడినది. డెబ్బదిరెండు పుటల చిన్న గ్రంథము. అది వెలువడిన పిమ్మట తనకు రోగులు తగ్గిరనియు, జనులు తనను మతి చెడినవానిగా తలచిరనియు ఆయన చెప్పినట్లు ఆబ్రీ అను సమకాలికుడు వ్రాసెను. పారిసు ఆచార్యుడైన రియోలాన్ ఎదిరించెను. అతనికి హార్వే 1649 లో గాని ప్రత్యుత్తరము ప్రకటింపలేదు. వింత యేమనగా, గాలెన్ మతము పడిపోయినను, దానిపై ఆధారపడిన రక్తము తీయు చికిత్స మఱి రెండు శతాబ్దములు ఆగలేదు. హార్వేయు దానిని విడువలేదు. పుస్తకములో మారినంత త్వరగా చేతివాటము మారదు కాబోలు.

అన్నిటికంటె పెద్ద చిక్కు మఱియొకటి. ధమనినుండి సిరలోనికి రక్తము పోవు దారి ఏది? హార్వే చూడలేదు. కండలోని సందులగుండ పోవుచుండునని ఊహించెను. లెక్కనుబట్టి దారి ఉండితీరవలెను. కంటికి మాత్రము కనబడదు. గాలెన్ రంధ్రములును కనబడనివే గదా యని శత్రువులు అనవచ్చును. భేద మేమనగా, ఆ గోడను ఎంత పరీక్షించినను రంధ్రము దొరకలేదు. ఈ దారి మంచి పరికరము రాగానే దొరకినది. 1657 లో హార్వే చనిపోయెను. నాలుగేండ్ల తరువాత, 1661 లో, ఇటలీలోని బొలోన్యా నగరమున మార్సెల్లో మాల్పీగీ కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శినితో చూచి, ధమనులను సిరలను కలుపు వెండ్రుకవంటి నాళములను కనిపెట్టెను. వానినే నేడు కేశనాళికలనుచున్నాము. మాల్పీగీ పుట్టినది హార్వే పుస్తకము వెలువడిన 1628 లోనే.

సూక్ష్మదర్శినిగల పాఠశాలలో ఈ దృశ్యమును చూపుటకు కప్పను కోయనక్కఱలేదు. చిన్న చేపను తడి దూదిలో చుట్టి, తోకను మాత్రము గాజుపలకపై పఱచి, కొంచెము నీరు చల్లి, తక్కువ శక్తిగల కటకముతో చూడుడు. రెండు మూడు నిమిషములలో చూచుట ముగించి చేపను నీటిలో విడువవలెను. పలుచని తోకలో రక్తకణములు ఒకదాని వెనుక నొకటిగా, సన్నని నాళములలో దూరి, మలుపు తిరిగి, వెనుకకు పోవుచు కనబడును.