కట్టు నుంచి నడక దాకా: విరిగిన కాలి చికిత్సా చరిత్ర

మోటారుసైకిలు ప్రమాదాల్లో మోకాలి కింది పెద్ద ఎముక తరచుగా విరగడానికి కారణం శరీర నిర్మాణంలోనే ఉంది. తొడ ఎముక చుట్టూ దళసరి కండ ఉంటుంది గాని, శరీరశాస్త్రం అంతర్జంఘిక అని పిలిచే ఈ ఎముకకు ముందువైపు చర్మం తప్ప మరో కప్పు లేదు కాబట్టి, బండి ఒరిగి కాలు దాని కింద నలిగినా, ఎదురుగా వచ్చిన వాహనం తాకినా దెబ్బ నేరుగా ఎముకకే తగులుతుంది. విరిగిన మొన చర్మాన్ని చీల్చుకుని బయటికి పొడుచుకు వస్తే రోడ్డు మీది మట్టి, దానితోపాటు సూక్ష్మజీవులు లోపలికి చేరతాయి. ఇలా పుండుతో కూడిన విరుగుడును వైద్యులు వివృత భగ్నం అంటారు. కండ తక్కువైన చోట రక్త ప్రసరణ కూడా తక్కువే కనుక, ఇటువంటి ఎముక అతుక్కోవడానికి నెలలు పడుతుంది, ఒక్కొక్కప్పుడు అసలు అతుక్కోదు. ఆ నెలల కాలంలో మనిషిని కదలకుండా పడుకోబెట్టాలా, లేక కదిలించాలా అన్న ప్రశ్న చుట్టూనే విరిగిన కాలి చికిత్సా చరిత్ర నడిచింది.

భారతీయ వైద్యంలో ఈ ప్రశ్నకు దొరికే సవివరమైన ప్రాచీన సమాధానం సుశ్రుత సంహితలో ఉంది. ఆ గ్రంథం ఎముక విరగడాన్ని కాండభగ్నమనీ, కీలు తొలగడాన్ని సంధిముక్తమనీ విడదీసి, మొదటిదానిలో 12 రకాలు, రెండవదానిలో 6 రకాలు చెప్పి, చికిత్సను నాలుగు పనులుగా వివరించింది: పొట్టిబడిన అవయవాన్ని సాగలాగడం ఆంఛనం, ఎగదన్నిన ముక్కను నొక్కి సరిచేయడం పీడనం, విడిపోయిన ముక్కలను దగ్గరికి చేర్చడం సంక్షేపం, చేర్చినవాటిని కట్టి నిలపడం బంధనం. రావి, మర్రి, మేడి, మోదుగ, మద్ది వంటి చెట్ల బెరళ్లనూ వెదురునూ కట్టుకు బద్దలుగా వాడాలనీ, చల్లని రుతువుల్లో ఏడు రోజులకు, సమశీతోష్ణ కాలంలో ఐదు రోజులకు, ఎండ కాలంలో మూడు రోజులకు కట్టు విప్పి మళ్లీ కట్టాలనీ నిర్దేశించింది. కట్టు వదులైతే ఎముక నిలవదనీ, మరీ బిగిస్తే వాపు, నొప్పి, చీము వస్తాయనీ చేసిన హెచ్చరిక నేటికీ అక్షరాలా వర్తిస్తుంది. బిగుతు కట్టు వల్ల రక్త ప్రసరణ ఆగి కాలు కోల్పోయిన రోగులను చూడని ఎముకల వైద్యుడు ఉండడు. పిక్క గాని తొడ గాని విరిగినవారికి చెప్పిన కపాటశయనం అనే పడక ఒక చెక్క పలక. కీలుకు ఇరుపక్కలా రెండేసి మేకులు, అరికాలి వద్ద ఒకటి చొప్పున ఐదు మేకులు దిగ్గొట్టి, విరిగిన చోటు కదలకుండా కాలిని వాటికి కట్టివేసేవారు. ఎముక గట్టిపడడానికి బాల్యంలో ఒక నెల, నడివయసులో రెండు నెలలు, ముసలితనంలో మూడు నెలలు పడుతుందన్న లెక్క కూడా అందులోనే కనిపిస్తుంది.

ఇంత కట్టుదిట్టంగా కదలికను నిషేధించిన గ్రంథమే, ఎముక అతుక్కున్న తర్వాత కదలికను మెట్లు మెట్లుగా తిరిగి నేర్పింది. దెబ్బతిన్న అరచేతితో మొదట మట్టిముద్దను పట్టించాలి, ఆ తర్వాత ఉప్పుగల్లును, చేతికి సత్తువ వచ్చాక రాతిని పట్టించాలి. మెత్తనిదాని నుంచి గట్టిదానికి, తేలికైనదాని నుంచి బరువైనదానికి సాగే ఈ వరస నేటి ఫిజియోథెరపీ గదిలో రబ్బరు బంతితో మొదలయ్యే అభ్యాసానికి సూత్రరీత్యా భిన్నం కాదు. ఆయుర్వేద శస్త్రచికిత్స గురించి మాట్లాడేవారు ముక్కు అతికించడాన్ని పదే పదే చెబుతారు గాని, రోగి మళ్లీ తన పని తాను చేసుకోగలగడమే చికిత్సకు అంతమని గుర్తించిన ఈ మట్టిముద్దకు దక్కవలసిన గౌరవం ఇంకా దక్కలేదు.

గ్రంథస్థ వైద్యానికి సమాంతరంగా, వంశపారంపర్యంగా ఎముకలు కట్టేవారి వృత్తి ఊళ్లలో బతికింది. తెలుగునాట దీనికి పర్యాయపదంగా నిలిచిన పుత్తూరు కట్టు పాత చిత్తూరు జిల్లాలో, చెన్నై–తిరుపతి దారిలో ఉన్న పుత్తూరు సమీప గ్రామంలోని రాజుల కుటుంబాలది; దాని పుట్టుక గురించి వేట, కుందేలు, పసరు ఆకు చుట్టూ అల్లుకున్న స్థలకథ ఒకటి ఆ ప్రాంతంలో వినిపిస్తుంది. విరిగిన చోటును చేతివేళ్లతో తడిమి, ముక్కలను సరిచేసి, ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన పట్టించి, వెదురు బద్దలు పేర్చి గుడ్డతో కట్టే ఈ పద్ధతికి సరిహద్దులు దాటి తమిళ, కన్నడ ప్రాంతాల నుంచి కూడా జనం వస్తారు. చర్మం చిరగని మామూలు విరుగుళ్లలో శరీరం తనంత తానే ఎముకను అతికించుకుంటుంది. కట్టేవారి నైపుణ్యం ముక్కలను వంకర లేకుండా నిలపడంలో ఉంటుంది, తేలికైన బద్దల కట్టు పక్క కీళ్లను కొంతవరకు వదిలిపెట్టడం కూడా ఒక మేలు. అయితే మోటారుసైకిలు వేగంతో ముక్కచెక్కలై, పుండుపడి, మట్టి చేరిన పిక్క ఎముకకు ఈ పద్ధతి చాలదని చెప్పక తప్పదు, ఎందుకంటే అక్కడ మొదటి గండం ఎముకది కాదు, చీముది.

ఐరోపాలోనూ ఈ వృత్తి ఇలాగే కుటుంబాల చేతిలో ఉండేది. వేల్స్‌లోని ఆంగ్లసీ ద్వీపానికి చెందిన అటువంటి కుటుంబంలో పుట్టి, లివర్‌పూల్‌లో వైద్యం చేసిన హ్యూ ఓవెన్ థామస్ (1834–1891) తన పేర నిలిచిన ఇనుప చట్రాన్ని రూపొందించి, విరిగిన అవయవానికి కావలసింది ఎడతెగని, సుదీర్ఘమైన విశ్రాంతి అని బోధించాడు. అంతకు ముందే, 1851లో, డచ్ సైనిక వైద్యుడు ఆంటోనియస్ మాథైసెన్ జిప్సం పొడి అద్దిన గుడ్డను తడిపి చుట్టే కట్టును కనిపెట్టాడు. మన ఆసుపత్రుల్లో సిమెంటు కట్టు అనే పేరుతో స్థిరపడింది ఇదే. థామస్ మేనల్లుడు రాబర్ట్ జోన్స్ మొదటి ప్రపంచయుద్ధంలో ఆ చట్రాన్ని సైన్యంలో ప్రవేశపెట్టిన తర్వాత తొడ విరిగిన సైనికుల మరణాలు గణనీయంగా తగ్గాయి. విశ్రాంతి సిద్ధాంతం ప్రాణాలు కాపాడింది గాని, దాని మూల్యం రోగి శరీరం మీద కనిపించేది: నెలల తర్వాత కట్టు కోసి చూస్తే ఎముక అతుక్కుని ఉండేది, మోకాలు మాత్రం వంగేది కాదు, పిక్క కండ కరిగిపోయి ఉండేది, చర్మం పొలుసులు పట్టేది, పాదం ఉబ్బేది. ఫ్రెంచ్ వైద్యుడు లూకాస్ షాంపియోనియేర్ 19వ శతాబ్దం చివరలోనే మర్దన, కదలిక అవసరమని వాదించినా ఆయన మాట విన్నవారు తక్కువ.

తూకం కదలిక వైపు మొగ్గడానికి ఇనుము కావలసివచ్చింది. జర్మనీలోని కీల్ నగరంలో గెర్హార్డ్ క్యూంచర్ 1939లో తొడ ఎముక లోపలి మూలుగ గొట్టంలోకి పొడవాటి ఉక్కు కడ్డీ దించి విరుగుడును నిలిపాడు; కాలి బరువును ఆ కడ్డీ పంచుకుంటుంది కనుక రోగి వారాల్లోనే లేచి నడవగలిగాడు. జర్మనీ చెరలో చికిత్స పొంది యుద్ధానంతరం స్వదేశాలకు చేరిన సైనికుల ఎక్స్‌రేల్లో తొడ నిలువునా కడ్డీ చూసి మిత్రదేశాల వైద్యులు నివ్వెరపోయారు. ఇప్పుడు జనం “రాడ్ వేశారు” అనేది దీని వారసత్వాన్నే. 1958లో స్విట్జర్లాండ్‌లోని బీల్‌లో మారిస్ ముల్లర్ తదితర శస్త్రచికిత్సకులు ఏఓ అనే బృందంగా ఏర్పడి, కట్టు వల్ల వచ్చే బిగుసుకుపోవడాన్నీ కండ క్షీణతనూ ఒక ప్రత్యేక వ్యాధిగానే లెక్కగట్టి, ప్లేట్లు, మరలతో ఎముకను గట్టిగా బిగించి తొలి రోజుల నుంచే కీళ్లను కదిలించాలన్న నియమాన్ని స్థాపించారు.

మోటారుసైకిలు ప్రమాదాల చరిత్రలో అత్యంత ప్రసిద్ధమైన కాలు మాత్రం సోవియట్ దేశానిది. 1963లో 2.28 మీటర్ల ఎత్తు దూకి ప్రపంచ రికార్డు నెలకొల్పి, 1964 టోక్యో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన వలేరీ బ్రుమెల్ 1965 అక్టోబరులో మాస్కోలో మరొకరు నడుపుతున్న మోటారుసైకిలు వెనుక కూర్చుని వెళ్తూ ప్రమాదానికి గురయ్యాడు. పిక్క ఎముక ముక్కలై బయటికి వచ్చింది; వరుస శస్త్రచికిత్సలు జరిగినా ఎముక అతుక్కోలేదు, చీము ఆగలేదు, కాలు పొట్టిబడింది. చివరికి 1968లో ఆయన పశ్చిమ సైబీరియాలోని కుర్గాన్ పట్టణానికి చేరాడు. అక్కడ గవ్రీల్ ఇలిజరోవ్ (1921–1992) అనే వైద్యుడు, దోల్గోవ్కా అనే పల్లెటూరి ఆసుపత్రిలో పనిచేసిన అనుభవంతో 1950ల తొలినాళ్లలో తయారుచేసుకున్న ఒక పరికరంతో రోగులకు చికిత్స చేస్తున్నాడు. సన్నని తీగలను ఎముక గుండా అడ్డంగా దూర్చి, వాటిని సాగదీసి, కాలి చుట్టూ అమర్చిన లోహపు రింగులకు బిగించి, రింగులను నిలువు కడ్డీలతో కలిపితే విరిగిన చోటును కోయనవసరం లేకుండానే ఎముక నిలుస్తుంది, పైగా రోగి ఆ రింగులతోనే కాలు నేల మోపి నడుస్తాడు. నడక వల్ల కలిగే నిలువు ఒత్తిడి ఎముక పెరుగుదలకు తోడ్పడుతుందని ఇలిజరోవ్ గుర్తించాడు. ఆయన దృష్టిలో నడక చికిత్సలో భాగమే. బ్రుమెల్ కాలు అతుక్కుంది, పొడవు తిరిగి వచ్చింది, ఆయన మళ్లీ రెండు మీటర్లకు పైగా దూకాడు. పాత రికార్డును ఆయన అందుకోలేకపోయాడు గాని, మాస్కో వైద్య ప్రముఖులు చాలాకాలం పట్టించుకోని కుర్గాన్ పేరు ఆయన మళ్లీ దూకడంతో దేశమంతా తెలిసింది, 1971లో అక్కడ పరిశోధనా సంస్థ వెలిసింది. 1980లో ఇటలీ పర్వతారోహకుడు కార్లో మౌరీ పాత కాలి గాయానికి అక్కడే చికిత్స పొంది తిరిగి వెళ్లాక, మరుసటి సంవత్సరం ఇలిజరోవ్‌ను ఇటలీకి పిలిచారు. పాశ్చాత్య ప్రపంచం ఆ పద్ధతిని అప్పుడు నేర్చుకుంది.

ఈనాడు చాలా విరుగుళ్లకు రాడ్ సరిపోతుంది, మన పట్టణాల్లోనూ అదే వేస్తున్నారు. రింగుల పద్ధతి మిగిలింది ఎముక ముక్క పూర్తిగా పోయిన, చీము పట్టిన, అతుక్కోని కాళ్లకు. దెబ్బ తగలని చోట ఎముకను జాగ్రత్తగా తెగ్గోసి, కొన్ని రోజులు ఆగి, రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున జరుపుతూ పోతే వెనుక ఖాళీలో కొత్త ఎముక పుడుతుంది. ఆ మిల్లీమీటరును నాలుగు పావులుగా విడగొట్టి, ఆరు గంటలకొకసారి చిన్న స్పానరుతో నట్టును పావు చుట్టు తిప్పే పని తరచుగా ఇంట్లోవాళ్లదే. ఐదు సెంటీమీటర్ల లోటు పూడడానికి 50 రోజులు, పుట్టిన మెత్తని ఎముక గట్టిపడడానికి అంతకు మించిన నెలలు కావాలి. తీగలు దూరిన చోట్లను నిత్యం శుభ్రం చేయాలి, నిద్ర సరిగా పట్టదు, పాదం కిందికి జారి చీలమండ కీలు బిగుసుకుపోకుండా దాన్ని రోజూ పైకి వంచుతుండాలి. ఆ కాలమంతా వైద్యుడు రోగిని మంచం మీద ఉంచడు; చంక కర్రలు ఇచ్చి, భరించగలిగినంత బరువు ఆ కాలి మీదే వేయించి నడిపిస్తాడు.