ఫోకస్ లోతు: వలయం నుంచి శంకువు దాకా

కటకంతో కాంతిపుంజాన్ని ఎంత సన్నని చుక్కగా కుదిస్తే, ఆ చుక్క దాటగానే అది అంత తొందరగా విచ్చుకుపోతుంది. చుక్క వెడల్పు సగమైతే, బొమ్మ స్పష్టంగా నిలిచే లోతు నాలుగో వంతుకు పడిపోతుంది. కణజాలాన్ని పొరలు పొరలుగా చూడాల్సిన పరికరాలన్నిటికీ ఇదే చిక్కు. కారంపూడి లాంటి ఊళ్ల నుంచి గుంటూరు వెళ్లే షుగరు రోగులకు రెటీనా వాపు కోసం తీసే ఓసీటీ (ఆప్టికల్ కోహెరెన్స్ టోమోగ్రఫీ) స్కాను కూడా ఈ లెక్కకు లోబడిందే.

కటకం నడిమి భాగాన్ని మూసేసి, అంచు వెంట వలయం గుండా మాత్రమే కాంతిని పోనిస్తే ఫోకస్ లోతు పెరుగుతుందని 1960లో డబ్ల్యూ.టి. వెల్‌ఫర్డ్ చూపించారు. లోతు దక్కింది గానీ కాంతిలో చాలా భాగం వృథా అయింది. పైగా చుక్క చుట్టూ ఉండే వలయాలు బలిశాయి. ఆ తర్వాతి చరిత్రంతా ఈ నష్టాన్ని ఎక్కడికి తోసేయాలన్న వెతుకులాటే.

తెలుగునాట ఈ వెతుకులాట ఉస్మానియా విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగంలో సాగింది. పి.కె. మండల్, తర్వాత డి. కరుణసాగర్, వారి విద్యార్థులు కటకం ద్వారానికి అడ్డంగా, చోటును బట్టి కాంతిని ఎక్కువగానో తక్కువగానో పోనిచ్చే ఫిల్టర్లను పెడితే చుక్క ఆకారం ఎలా మారుతుందో లెక్కగట్టారు. హానింగ్, లాంక్జోస్ ఫిల్టర్లు వాటిలో కొన్ని. ఎడమ, కుడి అంచులను వేర్వేరుగా మలిచే అసమాన పద్ధతినీ పరిశీలించారు. అందులో చుక్కకు ఒక పక్కన అనవసరపు వెలుగు అణుగుతుంది, రెండో పక్కన పెరుగుతుంది. వెలుగు చుక్క దగ్గరున్న మరో మసక చుక్క మంచి పక్కన పడితే కనబడుతుంది, చెడ్డ పక్కన పడితే మరుగున పడుతుంది. బేరం ఇంత బాహాటంగా బయటపడే ఉదాహరణ మరొకటి దొరకడం కష్టం.

కాంతిని అడ్డుకోకుండా మళ్లించే దారి వెల్‌ఫర్డ్ కన్నా ముందే ఉంది. 1954లో కొడాక్ సంస్థలో జాన్ మెక్‌లియడ్ శంకువు ఆకారపు గాజు కటకాన్ని, అంటే యాక్సికాన్‌ను, వర్ణించారు. అది కాంతిని ఒక చుక్క దగ్గర కాక పొడవాటి గీత వెంట కూడగడుతుంది. 1987లో అమెరికాలోని రోచెస్టర్‌లో డర్నిన్, మిచెలీ, ఎబర్లీ 2.5 మిల్లీమీటర్ల వ్యాసం, 10 మైక్రాన్ల వెడల్పున్న వలయపు చీలికతో అలాంటి గీత ఫోకస్‌నే, అంటే బెస్సెల్ పుంజాన్ని, చేసి చూపారు. దాని నడిమి చుక్క సుమారు 85 సెంటీమీటర్ల దూరం విచ్చుకోకుండా నిలిచింది. 2002లో కాలిఫోర్నియాలో యాక్సికాన్‌ను ఓసీటీలో అమర్చి, 6 మిల్లీమీటర్ల లోతు పొడవునా 10 మైక్రాన్ల స్పష్టత సాధించారు.

నడిమి చుక్క చుట్టూ ఉండే వలయాల బెడద మాత్రం వదల్లేదు. 2011లో ఎరిక్ బెట్జిగ్ బృందం బతికున్న కణాలను బెస్సెల్ పుంజాలతో చూసినప్పుడు, వలయాల్లోని కాంతి ఫోకస్‌లో లేని పొరలను కూడా వెలిగించింది. రెండు ఫోటాన్లు కలిసి తాకితేనే మెరిసే పద్ధతి అక్కడ అక్కరకొచ్చింది: బలహీనమైన వలయాల వల్ల మెరుపు దాదాపు రాదు. 2014లో అదే బృందం పుంజాలను జాలకంలా పక్కపక్కనే పేర్చి, ఒకదాని వలయాలను మరొకటి రద్దు చేసేలా మలిచింది.