కొసరాకు చరిత్రము

రాజుల జయాపజయములు శాసనములయందు నిలిచినవి. వంటయింటి చరిత్రమును చదువగోరువారు సంతకు పోయి, ఆకులమ్మునామె గంపను చూడవలెను. అందు కొత్తిమిర, పుదీనా, మెంతికూర, కరివేపాకు కట్టలుకట్టలుగా నుండును. మొదటి మూడింటికి వెల యడిగి కొందుము. నాలుగవదానిని కొసరుగా వేయుమందుము. ఈ భేదమెట్లు కలిగినదో మేమిచట విచారింపదలచితిమి.

కొత్తిమిరకు పుట్టినిల్లు మధ్యధరాసముద్ర ప్రాంతమని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. 1922లో బయల్పడిన ఐగుప్తురాజు టూటన్‌ఖామను సమాధియందు ధనియములు దొరకినవి. మనదేశమునకును అది మిక్కిలి ప్రాచీనకాలముననే వచ్చినది. దాని సంస్కృతనామమగు కుస్తుంబురు శబ్దమును పాణిని యెరుగును. పుదీనా పేరు పారసీకము. ఎండు మెంతికూరను అంగళ్లలో కసూరి మేతి యందురు. కసూరు లాహోరునకు దక్షిణముననున్న పట్టణము. 1947 నుండి పాకిస్థానులోనిది. నేడు రాజస్థానమందలి నాగౌరులో పండిన యాకు సయితము ఆ పేరుతోనే యమ్ముడుపోవుచున్నది. వంటలో శుద్ధాశుద్ధములు విధించు పెద్దలకును కొత్తిమిర లేని చారు రుచింపదు. ఆకు ఏ దేశమునుండి వచ్చినదని వారడుగరు, అడుగకుండుటయే మంచిది.

ఇక కరివేపాకు స్వదేశీయము. దాని శాస్త్రీయనామమున కోనిగ్ అను పండితుని పేరు కలదు. ఆయన లిన్నేయసు శిష్యుడు. 1768లో తరంగంబాడికి వైద్యుడుగా వచ్చి, దక్షిణదేశపు మొక్కలను పరిశీలించి, 1785లో కాకినాడయందలి జగన్నాథపురమున మరణించెను. పరదేశి గౌరవించిన యీ చెట్టు మనయింట పెరటిచెట్టు. ఇంటింట నున్నదానికి వెల కట్టువారెవరు? ఇరుగుపొరుగువారు అడిగిన రెబ్బ త్రుంచి యిచ్చుట మర్యాదగా నుండెను. కొసరునకు మూలమిదియే.

కాని పట్టణములలో పెరళ్లు పోయినవి, మర్యాద మాత్రము మిగిలినది. నేడు కరివేపాకు పొలములలో పండు పంట. మంగళగిరి దగ్గరి పెదవడ్లపూడి దీనికి పేరుపొందిన యూరు. కౌలు, ఎరువు, కోతకూలి, బండికిరాయి అన్నియు దానిపై పడుచున్నవి. అమ్మునామె టోకుబేరగానికి డబ్బిచ్చియే కట్ట తెచ్చుకొనును. పైగా మెంతికూర యెండినను పరిమళము విడువదు గనుక, అంగడివాడు దానిని డబ్బాలో దాచి తనకు నచ్చిన ధరకు అమ్మును. కరివేపాకు ఎండిన వాసన తరిగిపోవును. సాయంకాలమునకు వాడిపోవు సరుకుతో కూర్చున్న యామెకు బేరమునందు బలమెక్కడిది? అడిగినవారికి కాదనినచో, మిగిలిన కూరగాయల బేరమును పోవునేమో యని భయము. కనుక మనము ఔదార్యమని తలచు కొసరు, నిజమునకు ఆమె కూలిలోనుండి తీసిన పాలు.

1999లో ఆంధ్రప్రదేశమున రైతుబజారులు వెలసినవి. దళారి లేకుండ రైతు తన పంటను తానే యమ్ముకొనుటకును, ధరలు పలకపై వ్రాసి యుంచుటకును అచట ఏర్పాటు జరిగినది. న్యాయమైన వెలను నలుగురి యెదుట నిలిపిన మంచి పని యది. కాని కొసరు ఏ పలకపైనను ఉండదు. అది కొనువాని మనస్సునందే తీరవలసిన లెక్క. విదేశములలోని తెలుగువారు చిన్న పొట్లము కరివేపాకునకు మారుమాట లేక వెల చెల్లించుచున్నారు. అచట వెలగల యాకు, స్వదేశమున వెలలేనిది కానేల?

చదువరులారా, చెట్టున్నవారు పొరుగువారికి ఊరకే యిత్తురు గాక, అది స్నేహము. సంతలో మాత్రము, కట్ట యెంతయని యడిగి, చెప్పిన కాసులు ఆమె చేతిలో పెట్టుదము.